కమ్మలకు వయసు కట్టిన రోజులు

ఆ రోజుల్లో అంటే తాతల నాటి సంగతేదో మొదలుపెడుతున్నానని అనుకోకండి. లాక్‌డౌన్ రోజుల మాట చెబుతున్నాను, అంతే. క్యాలెండర్ లెక్కన అది నిన్నమొన్నటిదే. కానీ ఇప్పుడు తలుచుకుంటే, ఆ రోజుల్లో మా ఇంట్లో అంత దర్జాగా తిరిగిన మనిషి నేనేనా అని నాకే అనుమానం వస్తుంది. సూరత్ ఊళ్లో, లింబాయత్‌లో మా గల్లీ నిండా తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలే. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. ఆ సాంచాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయేసరికి పెద్దవాళ్లెవరికీ కాలూ చెయ్యీ ఆడలేదు. బాపు (మా నాన్న) మాటిమాటికీ కిందికి దిగి, తాళం వేసిన కార్ఖానా వైపు కాసేపు చూసి పైకి వచ్చేవాడు. అమ్మ పాల ప్యాకెట్ నుంచి పచ్చిమిరపకాయ దాకా అన్నిటినీ సబ్బుతో కడిగి, సబ్బు అరిగిపోతోందని మళ్లీ తనే విసుక్కునేది. ఇక నేను. నాకు అప్పుడే ఇరవై దాటాయి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. పైగా నాకొక విద్య వచ్చు అనే గట్టి నమ్మకం ఉండేది. పని లేని ఇంట్లో అలాంటి కుర్రాడు ఒక్కడుంటే చాలు, వేరే గొడవ అక్కర్లేదు.

ఆ విద్య ఏమిటంటే, చెవి కమ్మలను చూసి వాటి వయసు చెప్పడం. నవ్వకండి, అది నిజంగా ఒక విద్యే. కతర్‌గామ్‌లో వజ్రాలు సానబట్టే కార్ఖానాల మధ్య ఒక మేడ మీద మా సేఠ్ దుకాణం ఉండేది. ఊళ్లమ్మట తిరిగి పాత కమ్మలు, ఝుంకాలు ఏరి తెచ్చి, ఫోన్‌లో ఫోటోలు పెట్టి అమ్మేవాడు. ఫోటో తీయడం, అవి ఏ కాలం నాటివో కింద రాయడం నా పని. వజ్రాల వాళ్లు కంట్లో బిగించుకునే భూతద్దం ఒకటి నా చేతికిచ్చి, "బరాబర్ జో, దీకరా" (సరిగ్గా చూడు కొడుకా) అంటూ సేఠ్ ఓపికగా నేర్పాడు. ముందు వైపు చూడకు, ముందు వైపు అందరినీ మోసం చేస్తుంది, వెనక చూడు అనేవాడు. వెనక బిగించే మర చేత్తో కోసిందైతే దాని గాట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. యంత్రం కోసిందైతే అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. పాతకాలంలో చెవి తూట్లు పెద్దవి కాబట్టి కాడ లావుగా ఉంటుంది. రాళ్ల వెనక మూసేసి, లోపల తళుకు రేకు పెట్టి ఉంటే పాతది. వెలుతురు వెళ్లేలా తెరిచి ఉంటే ఆ తర్వాతిది. చేత్తో అరగదీసిన రాళ్లు ఒకదానికొకటి పోలవు. అరుగుదల కూడా నిజమైనదైతే చెవికీ జుట్టుకూ తగిలే చోటే ఉంటుంది, అందం కోసం అరగదీసిందైతే అన్ని చోట్లా సమానంగా ఉంటుంది. ఇదంతా నేర్చుకున్నాక నాకు లోకంలో ఆడవాళ్లు కనబడటం మానేశారు. చెవులు మాత్రమే కనబడేవి. సిటీ బస్సులో ఎవరో పెద్దావిడ చెవి వైపు మరీ వంగి చూసి ఒకసారి తిట్లు కూడా తిన్నాను.

దుకాణం మూతపడ్డా నా విద్య మూతపడలేదు. భూతద్దం ఇంటికి తెచ్చుకున్నాను కదా. మొదట మా అమ్మ కమ్మలు చూశాను, తర్వాత పక్కింటి అక్కవి చూశాను. ఆ తర్వాత బిల్డింగంతా పాకింది. మధ్యాహ్నం వంటలు అయ్యాక మూతికి కొంగులూ మాస్కులూ కట్టుకుని, చేతుల్లో చిన్న చిన్న గుడ్డమూటలతో ఆడవాళ్లు మెట్ల మీద దూరం దూరంగా కూర్చునేవారు. నేను గడప దగ్గర పీట వేసుకుని, ఒక కన్ను మూసి, ఫోన్ టార్చి వెలిగించి పరీక్ష చేసేవాణ్ని. బయట డాక్టర్ల కోసం లోకమంతా పరుగులు పెడుతున్న రోజులు కాబట్టి, నాకు 'కమ్మల డాక్టర్' అని పేరు పెట్టేశారు. నేను కూడా సిగ్గు లేకుండా ఆ పేరుకు తగ్గట్టు ముఖం పెట్టడం నేర్చుకున్నాను. చూసిన వెంటనే చెప్పేవాణ్ని కాదు. ఒక 'హూఁ' అనేవాణ్ని, అటూ ఇటూ తిప్పేవాణ్ని, ఇంకో 'హూఁ' అనేవాణ్ని.

త్వరలోనే నాకొక సంగతి అర్థమైంది. ఎవరికీ నిజం అక్కర్లేదు, వయసు కావాలి. ఆడవాళ్లు తమ వయసు తగ్గించి చెబుతారని ఎగతాళి చేస్తారు గానీ, తమ కమ్మల వయసు పెంచమని ఎంత బతిమాలతారో ఆ మెట్ల మీద చూడాలి. "ఒక ముప్పై ఏండ్లు ఉండొచ్చు అక్కా" అంటే పక్కింటి అక్క మొహం చిన్నబోయింది. "ఏంది రా గింతేనా? మా అత్త పెండ్లివి గవి. జర ఇంకో ఇరవై ఏండ్లు ఎయ్యరాదు?" అంది, కూరగాయల బండి దగ్గర కొత్తిమీర అడిగినట్టు. మీది అంతస్తు పెద్దమ్మ అయితే తన ఝుంకాలు నిజాం కాలం నాటివని చెప్పుకుంటూ తెచ్చింది. వెనక చూస్తే ఈ మధ్య వేసే హాల్‌మార్క్ ముద్ర నీటుగా పొడిచి ఉంది. ఆ మాట చెబితే "నిజాం దగ్గర గా ముద్ర లేకుండెనా ఏంది?" అని నా మీదికే వచ్చింది. అప్పటి నుంచి ఆవిడ మా ఇంటి ముందు నుంచి వెళ్తే చూపు గోడ వైపు ఉండేది. నాకేం బాధ అనిపించలేదు. నిజం చెప్పే మనిషికి ఇలాంటివి తప్పవని నా గురించి నేనే గొప్పగా అనుకున్నాను.

అసలు కథ భేస్తాన్ అవ్వది. ఆమె మా తాత చెల్లెలు. అంటే మా బాపమ్మకు (బాపు వాళ్ల అమ్మను మేం అలాగే పిలుస్తాం) ఆడబిడ్డ. సూరత్‌లోనే ఇంకో మూల, భేస్తాన్‌లో కొడుకు దగ్గర ఉంటుంది కాబట్టి మాకు భేస్తాన్ అవ్వ. వదినను చూసిపోదామని చేతిసంచి ఒకటి పట్టుకుని వచ్చింది. మర్నాడు వెళ్దామనేసరికి ఆటోలు బంద్, బస్సులు బంద్, ఊరే బంద్. అలా మా ఒక గది, వంటిల్లు ఉన్న కొంపలో చిక్కుకుపోయింది. మొదట్లో వదినామరదళ్లు ఇద్దరికీ పండగే. ఒకే చాప మీద పడుకుని ఊళ్లో ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో మొదటి నుంచి చెప్పుకునేవారు. భేస్తాన్ అవ్వకు చిన్నతనంలోనే పెళ్లి చేసి మహారాష్ట్రలోని భివండి పంపేశారట. పెళ్లయిన కొన్నేళ్లకే వాళ్లమ్మ (ఆమె మాటల్లో 'మా అవ్వ' అంటే అమ్మే) పోయింది, కడసారి చూపు కూడా దక్కలేదట. ఆ మాట వచ్చినప్పుడల్లా బాపమ్మ మాట మార్చేది.

ఒక మధ్యాహ్నం నా పరీక్షలన్నీ అయ్యి, మెట్లు ఖాళీ అయ్యాక, భేస్తాన్ అవ్వ మెల్లగా నా పక్కకు వచ్చి కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అది కరోనా కోసమో గుట్టు కోసమో తెలియకుండా, చిన్న గొంతుతో అంది. "కొడుకా, నీకొక ముచ్చట చెప్త. మీ బాపమ్మ పెట్టెల మా అవ్వ కమ్మలుంటయి. పెద్దపెద్దయి, కింద బుట్టలుండె. నేను పోరిగున్నప్పుడు మా అవ్వ ఒళ్లె కూసుంటే గవ్విటినే పట్టుకొని గుంజుదును. మా అవ్వది ఫోటో సుత లేదు కొడుకా. మొకం గూడ సక్కగ యాదికి రాదు, ఆ కమ్మలే యాదికున్నయి. వదినెను అడుగుదామంటే, ఎందుకడుగుతున్నదో, పంచాయితీకొచ్చిందేమో అనుకుంటదని ఇన్నేండ్లు అడగలె. నువ్వైతే డాక్టరువాయె. వయసు చూస్త అని ఒక్కసారి బయటికి తీపియ్యరాదు? నాకియ్యమంటలేను. కండ్లతోని చూస్తే చాలు."

ఇప్పుడు చెబితే మీరు నమ్ముతారో లేదో, ఆ ముసలామె అడిగిన మాట నాకు వినబడింది గానీ లోపలికి దిగలేదు. కింద బుట్టలున్న పాత కమ్మలు, పెద్ద తూటు, చేత్తో కోసిన మర. నా మనసంతా దాని మీదే. నిజంగా జూనీ (పాతది అనడానికి మా సేఠ్ వాడే మాట) వస్తువు ఒకటి మా ఇంట్లోనే ఉందన్నమాట! వెంటనే లేచి వంటింట్లోకి వెళ్లాను. బాపమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పప్పు ఎనుపుతోంది. ఆమె చెవులకు ఎప్పుడూ ఉండే ఏడు రాళ్ల కమ్మలు ఉన్నాయి. వాటిని నేను అప్పటికే పరీక్ష చేసి తీర్పు చెప్పేశాను. మర యంత్రం కోసింది, రాళ్ల వెనక తెరిచి ఉంది, కాబట్టి బాపు చిన్నప్పటివి, అంతకన్నా పాతవి కావు. రెండు కమ్మల్లోనూ నడుమ రాయి ఒక్కటి మిగతా వాటితో కలవకుండా వంకరటింకరగా ఉంటే, రిపేరులో ఎవరో చవక రాయి వేశారని కూడా చెప్పాను. బాపమ్మ అప్పుడు నవ్వి ఊరుకుంది.

"బాపమ్మా, మీ అత్త కమ్మలేవి?" అని అడిగాను. పప్పుగుత్తి ఆపకుండానే "గవ్వా? గవి ఎప్పుడో చెడగొట్టిచ్చిన గద" అంది. "చెడగొట్టినవా? ఎందుకు?" అన్నాను. "ఒకటి వంగిపోయింది, ఇంకోదాని మర వట్టకుండె. ఎన్ని దినాలని దాసిపెడ్త? మీ బాపు చిన్నగున్నప్పుడే అవుసలాయనకిచ్చి చెడగొట్టిచ్చిన" అంటుండగానే కుక్కర్ కూత పెట్టింది, అమ్మ నన్ను అడ్డం లెమ్మని కసిరింది. ఆ పెద్ద సంభాషణ అక్కడితో ముగిసింది.

(తెలుగు గడ్డ మీద పెరిగిన మీరు ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. పాత నగను అవుసలాయన (కంసాలి) చేత కరిగించి, ఆ బంగారంతోనే కొత్తది చేయించుకోవడాన్ని మనవాళ్లు చెడగొట్టించడం అంటారని మీకు తెలుసు. నాకు తెలియదు. నేను సూరత్‌లో పుట్టి, గుజరాతీ బడిలో చదివి, దోస్తులతో హిందీలో కొట్లాడి పెరిగినవాణ్ని. ఇంట్లో వినబడే తెలుగు మాటల్లో సగం నా బుర్రలోకి హిందీ చొక్కా తొడుక్కునే వెళ్లేవి. తెలుగు చదవడం, రాయడం ఆ తర్వాతెప్పుడో పట్టుబట్టి నేర్చుకున్నాను. చెడగొట్టడం అంటే నాకు తెలిసింది ఒక్కటే, పాడుచేయడం, ఖరాబ్ చేయడం.)

భేస్తాన్ అవ్వ మెట్ల దగ్గరే ఎదురుచూస్తోంది. నేను డాక్టర్ ముఖం పెట్టి, రోగి బంధువులకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాను. "అవ్వా, అవి లేవు. బాపమ్మ వాటిని ఖరాబ్ జేసిందంట. ఎప్పుడో, బాపు చిన్నగున్నప్పుడే." భేస్తాన్ అవ్వ నా వైపు అలాగే చూసింది. "ఖరాబ్ జేసిందా?" "అవునంట. వంగిపోయినయని." ఆమె వంటింట్లో ఉన్న బాపమ్మ వైపు చూసి, "మరి గా చెవులకున్నయి? గవన్న మా అవ్వయి గావచ్చునా?" అని అడిగింది. ఎంత ఆశతో అడిగిందో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది. అప్పుడు మాత్రం నాకు నా విద్య చూపించే అవకాశం దొరికినట్టే అనిపించింది. "కానే కావు. నేను చూసిన కద. మషీన్ మర, కొత్త తరహా. మీ అవ్వ కాలంల అట్లాంటియి ఉండవు. గ్యారంటీ" అన్నాను. గ్యారంటీ అనే మాట వేరే ఎవరూ అడగలేదు, నేనే కలిపాను.

ఆ సాయంత్రం నుంచి భేస్తాన్ అవ్వ చాప వేరే వేసుకుంది. బాపమ్మకు కారణం తెలియదు. అడగడానికి ఆమె పౌరుషం ఒప్పుకోదు. చెప్పడానికి ఈమె పౌరుషం ఒప్పుకోదు. వెళ్లిపోదామంటే ఊరంతా తాళం. అంత చిన్న ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు మాట్లాడుకోకుండా ఉండటం ఎంత కష్టమో చూస్తే గానీ తెలియదు. ఇద్దరి మధ్య మూరెడు దూరం కూడా ఉండదు, మాట మాత్రం నా మీదుగా తిరిగి వెళ్లాలి. "మీ బాపమ్మకు చెప్పు రా, చాయ్ సల్లగైతున్నదని" అని భేస్తాన్ అవ్వ అనేది. ఆ మాట బాపమ్మకు వినబడుతూనే ఉంటుంది, అయినా నేను చెప్పేదాకా కప్పు ముట్టేది కాదు. "మీ అవ్వకు చెప్పు, నాకు సల్లటి చాయే పసందని" అని జవాబు వచ్చేది. బాపమ్మకు చల్లటి చాయ్ అంటే అసహ్యం. మొండితనానికి తాగేది, తాగుతూ ముఖం చిట్లించేది. బాపు ఒకసారి నన్ను పక్కకు పిలిచి "ఏమైంది రా వీళ్లకు?" అని అడిగితే, "పాత గొడవ బాపూ, నగల విషయం" అని పెద్దరికంగా చెప్పాను. బాపు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆ భూతద్దం జర లోపల పెట్టు" అన్నాడు. నేను పెట్టలేదు.

అంతలో భేస్తాన్ అవ్వకు జ్వరం వచ్చింది. మామూలు రోజుల్లో అయితే ఒక గోళీ వేసి పడుకోబెట్టేవాళ్లం. కానీ ఆ రోజుల్లో ఎవరైనా ఒక్కసారి దగ్గితే ఇల్లంతా గోడకు ఆనుకునేది. గల్లీ చివర ఇంట్లోంచి ఒకాయనను అంబులెన్స్‌లో తీసుకుపోయి ఇంకా ఎన్నో రోజులు కాలేదు, ఆయన తిరిగి రాలేదు. పరీక్షకు నమూనా ఇచ్చి వచ్చాం, ఫలితం వచ్చేదాకా వేరుగా ఉంచమన్నారు. వేరు గది మాకెక్కడిది? అమ్మ తాడు కట్టి, దాని మీద రెండు చీరలు వేసి, గది మూలను అవ్వకిచ్చింది. ఆ చీర వెనక అవ్వ దగ్గుతుంటే ఇవతల మేమంతా మాస్కులు పెట్టుకుని ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నాకు మొట్టమొదటిసారి భయం వేసింది. కరోనా భయం ఒకటి, ఇంకో భయం ఏమిటో నాకే సరిగ్గా తెలియలేదు. ఈమెకేమైనా అయితే నేను చెప్పిన ఆ మాటతోనే పోతుంది కదా అనిపించింది. భూతద్దం ఎక్కడ పెట్టానో కూడా ఆ రోజు గుర్తులేదు.

మూడో పూట కాబోలు, పట్టపగలు, బయట సూరత్ ఎండ మండిపోతోంది. బాపమ్మ చీరకు ఇవతల కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అక్కడే ఎందుకు కూర్చుందని ఎవరూ అడగలేదు. ఎక్కడ కూర్చున్నా తన ఇష్టమే అన్నట్టుంది ఆమె ముఖం. చీర వెనక నుంచి, నా మీదుగా కాకుండా, నేరుగా మాట వచ్చింది.

"వదినే."

బాపమ్మ చేట ఆపింది. "ఏందే?"

"నేను బతుకుతనో సస్తనో. ఒక్క మాట అడుగుత. మా అవ్వ కమ్మలు ఎందుకు ఖరాబ్ జేసినవే? వద్దనుకుంటే నాకియ్యకపోతివా? బుట్ట ఊడినా, వంకరవోయినా దాసుకుందును గదనే."

బాపమ్మకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. "ఖరాబేంది? ఎవలు జేసిండ్రు ఖరాబ్?"

"నువ్వే జేసినవంట గద. పోరడు చెప్పిండు."

"ఏమని చెప్పిండు?"

"ఖరాబ్ జేసిందని."

బాపమ్మ తల తిప్పి నా వైపు చూసింది. నేను ధైర్యం చేసి, "నువ్వే కద చెప్పినవ్, చెడగొట్టిచ్చిన అని" అన్నాను. చెప్పాను కదా, నిజం చెప్పే మనిషిని. ముందు చీర వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది. దగ్గేమో అనుకుని అమ్మ కంగారుగా లేచింది. దగ్గు కాదు, నవ్వు. భేస్తాన్ అవ్వ నవ్వలేక నవ్వుతోంది. "ఓ వదినే, చెడగొట్టిచ్చినవానే! గీ పోరడు, గీ పోరడు ఖరాబ్ అన్నడే!" అని మళ్లీ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. బాపమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకు కోపం వచ్చింది, నా మీద కాదు, ఆడబిడ్డ మీద. "ఇన్నొద్దులు గిదా నీ కడుపుల పెట్టుకున్నది? నన్నడిగితే నీ నోరు వడిపోతుండెనా? మీ అవ్వ బంగారం నేనేడ వారేస్త? గివే గద! దినాం నీ మొకం ముంగటనే ఊగుతున్నయి గద! గురిగింజంత బంగారం సుత తక్కువ కాలె. నడుమ రాయి మీ అవ్వదే, అది మాత్రం పోనియ్యొద్దని అవుసలాయన ముంగట పొద్దంత కూసొని పెట్టిపిచ్చిన."

నడుమ రాయి. చవక రాయి అని నేను కొట్టిపారేసిన ఆ వంకరటింకర రాయి. చేత్తో అరగదీసిన రాళ్లు ఒకదానికొకటి పోలవని సేఠ్ చెప్పినప్పుడు తల ఊపింది నేనే. తీరా ఆ రాయి కంటికి ఆనినప్పుడు చుట్టూ ఉన్న కొత్త రాళ్లను చూసి దాన్నే తప్పు పట్టాను. ఆ క్షణంలో నా విద్య మొత్తాన్ని ఎవరో పాత నగలా కరిగించినట్టు అయిపోయింది. ఎవరూ నన్ను పట్టించుకోలేదు, అదే నయం. బాపమ్మ చెవుల నుంచి కమ్మలు తీయడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లుగానో తీయనివి, మర తిరగలేదు. అమ్మ కొబ్బరినూనె రాసింది. చివరికి రెండూ వచ్చాయి. సబ్బుతో ఒకసారి, శానిటైజర్‌తో ఒకసారి కడిగి, అమ్మ వాటిని చిన్న గిన్నెలో పెట్టి చీర కింద నుంచి లోపలికి తోసింది.

కాసేపటికి గిన్నె మళ్లీ ఇవతలికి వచ్చింది. అందులో ఒక్క కమ్మ ఉంది. "ఒక్కటి నా చెవ్వుకు పెట్టుకున్న. ఒక్కటి నువ్వు పెట్టుకో. రెండు నాకే ఎందుకు, నీ చెవులు బోసిగుంటే ఇల్లు మంచిగుండదు" అంది లోపలి గొంతు. బాపమ్మ "పిచ్చిదానా" అంటూనే దాన్ని మళ్లీ కడిగించి పెట్టుకుంది. అలా ఆ జ్వరం తగ్గేదాకా, పరీక్షలో ఏమీ లేదని ఫోన్ వచ్చేదాకా, చీర తీసేదాకా, మా ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు ఒక్కో చెవికి ఒక్కో కమ్మతో ఉన్నారు. చీర తీసిన రోజు ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుంటే, కుడి చెవి ఒకరిది, ఎడమ చెవి ఒకరిది మెరుస్తోంది. మీది అంతస్తు పెద్దమ్మ గుమ్మంలోంచి చూసి "ఇదేం ఫ్యాషన్?" అంటే, "డాక్టర్ రాసిచ్చిండు" అంది బాపమ్మ నన్ను చూపించి. ఆ పేరుతో నన్ను పిలవడం అదే ఆఖరు. ఆ తర్వాత కొన్నాళ్ల వరకు గల్లీలో నా పేరు 'ఖరాబ్'.

ఇప్పుడు నేను అదే పనిలో ఉన్నాను, సేఠ్ దగ్గర కాదు, సొంతంగా. పాత కమ్మల కోసం ఊళ్లు తిరుగుతాను. తిరిగే కొద్దీ ఒకటి తెలుస్తోంది. మనవాళ్ల ఇళ్లలో నిజంగా జూనీ కమ్మలు దొరకడం చాలా అరుదు. అత్తవి కోడలు చెడగొట్టిస్తుంది, ఆమెవి ఆమె కోడలు చెడగొట్టిస్తుంది. బంగారం మాత్రం ఇంట్లోంచి కదలదు. మా వ్యాపారానికి అది పెద్ద దెబ్బే. ఎవరైనా పెద్దావిడ "ఎన్నేండ్లయి రా ఇవి?" అని అడిగితే, మర చూసి చేసిన కాలం చెబుతాను. తర్వాత, దీనికి ముందు ఇది ఏ నగగా ఉండేది అని అడుగుతాను. అప్పుడు మొదలయ్యే కథకు సాయంత్రం సరిపోదు. ఒక్కోసారి సరుకు లేకుండానే, కథతోనే ఇంటికి వస్తాను.

లాక్‌డౌన్ అయ్యాక భేస్తాన్ వెళ్తూ అవ్వ తన చెవికున్న కమ్మను వదినకే పెట్టి వెళ్లింది. ఈ మధ్య బాపమ్మ ఒక రోజు నన్ను పిలిచి, చెవుల నుంచి ఏడు రాళ్ల కమ్మలు తీసి చేతిలో పెట్టింది. "చెడగొట్టిచ్చి రెండు జతలు చేపియ్యి. నాకొకటి, మీ భేస్తాన్ అవ్వకొకటి. మేము పోయినంక ఎవలకు ఎవలియ్యాల్నో కొట్లాట వద్దు" అంది. పని తెలిసినవాడిగా నాకు ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్లు ఒకరి చెవిలో ఉన్న నగను చేతులారా కరిగించడమా? కానీ ఆమె చెప్పింది చెప్పినట్టు చేశాను. నేనే దగ్గరుండి చెడగొట్టించాను. అవ్వ వాళ్లమ్మ రాళ్లు రెండూ చెరో జతలో ఒకటి పెట్టమంటే సోనీ (ఇక్కడి కంసాలి) ఒప్పుకోలేదు, అలా చేస్తే ఏ జతా జత కాదన్నాడు. బతిమాలి పెట్టించాను. అందుకే ఇప్పుడు రెండు జతల్లోనూ ఒక కమ్మ ఇంకోదానితో కలవదు.

భేస్తాన్‌కు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. అవ్వ వాటిని అరచేతిలో పెట్టుకుని కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. ఆమెకిప్పుడు చూపు సరిగ్గా ఆనదు. వేలితో తడిమింది, కలవని రాయి దగ్గర వేలు ఆగింది. అప్పుడే సోనీ దుకాణం నుంచి వచ్చిన కమ్మలు, వెనక మెరుగు కూడా ఆరలేదు. "గివే రా కొడుకా. మా అవ్వయి గివే. నేను పట్టుకొని గుంజుతుంటి" అంది. ఆ లాక్‌డౌన్ కుర్రాడే అక్కడ కూర్చుని ఉంటే, ఒక కన్ను మూసి, 'హూఁ' అని, కాదవ్వా, ఇవి నిన్నటివి, గ్యారంటీ అని చెప్పి ఉండేవాడు. పాపం, వాడికి అప్పటికి అంతే తెలుసు. నేను మాత్రం "అవునవ్వా, అవే" అని, ఆమె చెవికి పెట్టి మర బిగించాను.